నానోద్రవాలతో ట్రాన్స్‌ఫార్మర్ శీతలీకరణ: సంఖ్యాత్మక అనుకరణ

పరిచయం

రెండు స్తంభాల మీద గాని, సిమెంటు దిమ్మె మీద గాని కూర్చున్న పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్‌ను మీరు రోజూ చూస్తూనే ఉంటారు. దాని పక్కలకు చేటల్లా, గొట్టాల్లా అమర్చిన లోహపు భాగాలు రేడియేటర్లు. లోపల ఇనుప కోర్, దాని చుట్టూ రాగి లేదా అల్యూమినియం తీగచుట్టలు, వాటికి చుట్టిన కాగితం, ఇవన్నీ మునిగేటట్లు నూనె ఉంటాయి. యాసంగి వరి పొట్ట దశలో ఉన్నప్పుడు ఇది కాలిపోతే రైతుకు ఏమవుతుందో మీలో చాలామందికి నేను చెప్పనవసరం లేదు. కొత్తది వచ్చే లోపల మడి ఎండిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో అతి సూక్ష్మమైన ఘనకణాలు కలిపితే అది వేడిని మరింత బాగా మోస్తుందని గత మూడు దశాబ్దాలుగా పరిశోధకులు చెబుతున్నారు. ఈ మాటను కంప్యూటర్ లెక్కలతో సమర్థించే పరిశోధన పత్రాలు చాలా వచ్చాయి. ఆ లెక్కలు ఎలా చేస్తారు, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ పాఠం విషయం. దీన్ని చదివాక మీరు ఒక చిన్న అనుకరణను కాగితం మీద స్వయంగా చేయగలగాలి. అంతకంటే ముఖ్యంగా, నానోద్రవం వల్ల ‘ఇంత శాతం మెరుగు’ అని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ మెరుగు దేనిలో అని అడగగలగాలి. సూత్రాలను గుర్తులతో కాక మాటలతో రాశాను. గుర్తులు మీ భౌతికశాస్త్ర పుస్తకంలో ఉన్నాయి.

వేడి ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది

ట్రాన్స్‌ఫార్మర్‌లో వ్యర్థమయ్యే శక్తి రెండు రకాలు. కోర్‌లో జరిగే నష్టం మొదటిది. లైన్లో కరెంటు ఉన్నంతసేపూ, ఎవరూ వాడుకోకపోయినా, అది ఉంటుంది. తీగచుట్టలలో జరిగే నష్టం రెండవది. ఇది విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక భారం రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లవుతుంది. ఈ పాఠమంతటా మనం ఒకే ఉదాహరణ వాడుకుందాం: పూర్తి భారం మీద మొత్తం 1800 వాట్లు వేడిగా మారే 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్. అంకెలను లెక్క సౌలభ్యం కోసం తీసుకున్నాను గాని, అవి వాస్తవానికి దగ్గరగానే ఉంటాయి.

ఈ వేడి తీగ నుంచి కాగితంలోకి, కాగితం నుంచి నూనెలోకి పోతుంది. వేడెక్కిన నూనె తేలికై పైకి లేస్తుంది, రేడియేటర్‌లో చల్లబడి కిందికి దిగుతుంది. దీన్నే సహజ సంవహనం అంటాం. ఇక్కడ పంపు ఏదీ లేదు. నూనెను నడిపించేది సాంద్రతలో తేడా ఒక్కటే. చివరకు రేడియేటర్ గోడ నుంచి వేడి గాలిలోకి పోతుంది.

నూనెకు ఇక్కడ రెండు పనులు. వేడిని మోయడం ఒకటి, విద్యుత్తును అడ్డుకోవడం మరొకటి. ‘నీళ్లు పోస్తే సరిపోదా సార్?’ అని సంపర్క తరగతుల్లో తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. నీటి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి దాదాపు 0.6 వాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ నూనెది 0.13 మాత్రమే. ఆ లెక్కన నీరే మేలు. కాని నూనెలో కొద్దిపాటి తేమ చేరినా విద్యుద్రోధక సామర్థ్యం పడిపోతుంది, ఇక నీటి మాట చెప్పేదేముంది? నూనె రోధకశక్తిని పరీక్షించడానికి 2.5 మిల్లీమీటర్ల ఎడంతో రెండు ఎలక్ట్రోడ్లను అందులో ముంచి, మెరుపు దూకేదాకా వోల్టేజిని పెంచుతూ పోతారు. ఈ పరీక్షను గుర్తుంచుకోండి, పాఠం చివర దీని అవసరం వస్తుంది.

ఆరు డిగ్రీల సంగతి

ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు ఇనుములోనో రాగిలోనో లేదు, తీగకు చుట్టిన కాగితంలో ఉంది. నూనెను మార్చవచ్చు, వడకట్టవచ్చు. తీగచుట్టలు విప్పకుండా కాగితాన్ని మార్చలేం. కాగితంలోని సెల్యులోజ్ పొడవైన గొలుసు అణువు. కొత్త కాగితంలో ఒక్కో గొలుసుకు సగటున సుమారు 1000 గ్లూకోజ్ కొంకీలు ఉంటాయి. వేడికి, తేమకు అవి తెగుతూ వచ్చి దాదాపు 200కి చేరేసరికి కాగితం పెళుసుబారుతుంది. ఆ స్థితిలో ఒక షార్ట్ సర్క్యూట్ కుదుపు వస్తే చిట్లిపోతుంది.

ఈ తెగే వేగాన్ని అంతర్జాతీయ ప్రమాణాలు ఒక సులువైన నియమంతో లెక్కిస్తాయి. సాధారణ కాగితానికి తీగచుట్టలోని అత్యంత వేడి చోటు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే వార్ధక్య వేగం 1 అనుకుంటారు. అక్కడ నుంచి ప్రతి 6 డిగ్రీలు పెరిగినప్పుడల్లా వేగం రెట్టింపవుతుంది, ప్రతి 6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా సగమవుతుంది. 104 దగ్గర 2, 110 దగ్గర 4, 92 దగ్గర 0.5. అంటే 110 డిగ్రీల వద్ద ఒక రోజు నడిస్తే కాగితానికి నాలుగు రోజుల వయసు పెరుగుతుంది. శీతలీకరణలో రెండు మూడు డిగ్రీల కోసం ఇంజనీర్లు ఎందుకు తాపత్రయపడతారో దీనివల్ల తెలుస్తుంది. ఏ కొత్త శీతలీకరణ పద్ధతినైనా మనం కొలవవలసిన కొలబద్ద కూడా ఇదే: అత్యంత వేడి చోట ఎన్ని డిగ్రీలు తగ్గింది?

నానోద్రవం అంటే

100 నానోమీటర్ల కంటే చిన్న ఘనకణాలను ద్రవంలో నిలకడగా చెదరగొట్టి ఉంచితే అది నానోద్రవం. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో పనిచేసిన స్టీఫెన్ చోయ్ 1995లో ఈ పేరు పెట్టారు. ఆలోచన చాలా సులువు: ద్రవాలకు ఉష్ణవాహకత తక్కువ, ఘనపదార్థాలకు ఎక్కువ, కనుక కలుపుదాం. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో అల్యూమినియం ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, మాగ్నటైట్ వంటి కణాలను ఎక్కువగా ప్రయత్నించారు.

కలిపితే ఎంత పెరుగుతుంది? దీనికి సమాధానం నానో అనే మాట పుట్టక ముందే, 19వ శతాబ్దంలోనే జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఇచ్చాడు. గోళాకార కణాలు విరళంగా చెదిరి ఉన్న మిశ్రమానికి ఆయన సూత్రాన్ని, కణం వాహకత ద్రవం వాహకత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ అనుకుని, వాడితే కొత్త వాహకతకు పాత వాహకతకు నిష్పత్తి ఇలా వస్తుంది: (1 + 2 × ఘనపరిమాణ భాగం) ÷ (1 – ఘనపరిమాణ భాగం). కణాలు ఘనపరిమాణంలో 1 శాతం అయితే 1.02 ÷ 0.99 = 1.03. అంటే 3 శాతం పెరుగుదల.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ సూత్రంలో కణం వాహకత కనిపించడమే లేదు. అల్యూమినియం ఆక్సైడ్ వాహకత సుమారు 30, రాగిది సుమారు 400. అయినా నూనెలో 1 శాతం వేస్తే రెండూ ఇచ్చేది దాదాపు 3 శాతమే. కణాలు ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి కనుక వేడి ఎలాగూ నూనెలోంచే దారి వెతుక్కోవాలి. రోడ్డంతా గతుకులుండి, నడుమ అక్కడక్కడా వంద గజాలు నున్నగా ఉంటే, ఆ వంద గజాలు ఎంత నున్నగా ఉన్నా ప్రయాణ సమయం పెద్దగా తగ్గదు.

తొలి సంవత్సరాల్లో కొన్ని ప్రయోగాలు మాక్స్‌వెల్ సూత్రం చెప్పినదాని కంటే చాలా ఎక్కువ పెరుగుదలను చూపాయి. వివాదం తేల్చడానికి ప్రపంచవ్యాప్తంగా 30కి పైగా సంస్థలు ఒకే రకం నమూనాలను పంచుకుని కొలిచాయి. జకోపో బోంజోర్నో తదితరులు 2009లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం అసాధారణమైన పెరుగుదల ఏదీ లేదు. మాక్స్‌వెల్ సిద్ధాంతపు విస్తృత రూపంతోనే కొలతలన్నీ సరిపోయాయి. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన అత్యంత ఉపయోగకరమైన పని ఇదే. విచిత్రమేమిటంటే, దాని తర్వాత వచ్చిన పత్రాల్లో కూడా పాత అతిశయ సూత్రాలు యథాతథంగా కనిపిస్తూనే ఉన్నాయి.

కాగితం మీద ఒక అనుకరణ

సంఖ్యాత్మక అనుకరణ అనగానే పెద్ద కంప్యూటర్, రంగురంగుల బొమ్మలు గుర్తుకొస్తాయి. దాని ప్రాణం మాత్రం చిన్న లెక్కలో ఉంది. నిరంతరంగా మారే రాశిని చిన్న అడుగులుగా విడగొట్టి, ఒక్కో అడుగులో శక్తి పద్దు రాయడమే ఆ లెక్క.

మన ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న ముద్ద అనుకుందాం. నూనె, ఇనుము, రాగి కలిసి ఒక్క డిగ్రీ వేడెక్కడానికి 3,45,000 జౌళ్లు కావాలనుకుందాం. పూర్తి భారం మీద చాలాసేపు నడిస్తే నూనె ఉష్ణోగ్రత బయటి గాలి కంటే 47 డిగ్రీలు ఎక్కువ దగ్గర స్థిరపడుతుందనుకుందాం. 47 డిగ్రీల తేడాకు 1800 వాట్లు బయటికి పోతే, తక్కువ తేడాకు అదే నిష్పత్తిలో తక్కువ పోతాయి. ఉదయం కరెంటు వచ్చింది, ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారి తిరిగాయి. అరగంట అడుగులతో లెక్కిద్దాం.

మొదటి అరగంట మొదట్లో తేడా సున్నా. బయటికి పోయే వేడి లేదు. అరగంటకు 1800 సెకన్లు కనుక చేరిన వేడి 1800 × 1800 = 32,40,000 జౌళ్లు. దాన్ని 3,45,000తో భాగిస్తే 9.4 డిగ్రీలు. రెండవ అరగంటలో 9.4 డిగ్రీల తేడాకు బయటికి పోయేది 1800 × 9.4 ÷ 47 = 360 వాట్లు. మిగిలినవి 1440 వాట్లు. అవి అరగంటలో 7.5 డిగ్రీలు పెంచుతాయి. మొత్తం 16.9. ఇలాగే సాగితే గంటన్నరకు 22.9, రెండు గంటలకు 27.7, రెండున్నర గంటలకు 31.6 డిగ్రీలు వస్తాయి.

ఈ సమస్యకు కలనగణితంతో కచ్చితమైన సాధన ఉంది. దాని ప్రకారం రెండున్నర గంటలకు రావలసినది 29.7. మన లెక్కలో 1.9 డిగ్రీల దోషం ఉంది. కారణం స్పష్టమే: అరగంట పొడుగునా వేడి పోయే రేటు మారుతూ ఉంటే, మనం అరగంట మొదటి రేటునే చివరిదాకా వాడాం. అడుగును పావుగంటకు కుదిస్తే 30.6 వస్తుంది, దోషం 0.9. అడుగు సగమైతే దోషం కూడా దాదాపు సగమైంది. ఇలా అడుగు తగ్గించే కొద్దీ జవాబు ఒకే విలువ వైపు చేరడాన్ని అభిసరణ అంటారు. ఏ అనుకరణకైనా మనం మొదట అడగవలసిన రుజువు ఇదే.

ఇప్పుడు సరదాకి ఆరు గంటల అడుగు తీసుకోండి. మొదటి అడుగుకే పెరుగుదల 112.8 డిగ్రీలు వస్తుంది. రెండవ అడుగుకు సున్నాకు దిగువన 45 డిగ్రీలు! బయటి గాలి కంటే 45 డిగ్రీలు చల్లగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడా లేదు. లెక్కలో కూడిక తీసివేతల తప్పేమీ లేదు, పద్ధతే అస్థిరమైంది. కంప్యూటర్ మాత్రం దీన్ని కూడా అందంగా గ్రాఫు గీసి చూపిస్తుంది.

ముద్ద నుంచి గడులకు

ట్రాన్స్‌ఫార్మర్ నిజానికి ఒకే ముద్ద కాదు. పైన నూనె వేడిగా, కింద చల్లగా ఉంటుంది. తీగచుట్టల మధ్య సన్నని సందుల్లో ప్రవాహం ఒకచోట చురుకుగా, మరోచోట దాదాపు ఆగిపోయినట్లు ఉంటుంది. అత్యంత వేడి చోటు ఎక్కడో తెలియాలంటే లోపలి స్థలాన్ని వేలాది, లక్షలాది చిన్న గడులుగా విభజించాలి. ఒక్కో గడికి మూడు పద్దులు రాస్తాం. గడిలోకి వచ్చిన ద్రవ్యరాశి, పోయిన ద్రవ్యరాశి సమానం. గడి మీద పనిచేసే పీడనం, ఘర్షణ, ఉత్ప్లవన బలాల మొత్తమే ద్రవ్యవేగంలో మార్పు. వచ్చిన వేడికి, పోయిన వేడికి, అక్కడే పుట్టిన వేడికి లెక్క తేలాలి. దీనిని పరిమిత ఘనపరిమాణ పద్ధతి అంటారు.

ఇందులో చిక్కు పీడనం దగ్గర వస్తుంది. వేగం తెలియాలంటే పీడనం తెలియాలి. పీడనానికి విడిగా సమీకరణం లేదు. భారతీయ శాస్త్రజ్ఞుడు సుహాస్ పటాంకర్, లండన్ ఇంపీరియల్ కాలేజీ ఆచార్యుడు బ్రయాన్ స్పాల్డింగ్ 1972లో దీనికి ఒక దారి చూపారు: పీడనాన్ని ఊహించు, వేగాలు లెక్కించు, ద్రవ్యరాశి పద్దు ఎంత తేడా వచ్చిందో చూసి పీడనాన్ని సవరించు, మళ్లీ మొదలుపెట్టు. ‘సింపుల్’ పేరుతో ప్రసిద్ధమైన ఈ పద్ధతి, దాని వారసులు నేటికీ ద్రవగతి సాఫ్ట్‌వేర్లలో పనిచేస్తున్నాయి. ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్‌లో కూడా ఉన్నాయి. ఆసక్తి ఉన్నవారు ఇంటి కంప్యూటర్ మీదే నేర్చుకోవచ్చు.

మీరు రాసిన ప్రోగ్రామ్ సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? జవాబు ముందే తెలిసిన సమస్య మీద నడిపి చూడాలి. సహజ సంవహనానికి అలాంటి గీటురాయిని గ్రాహమ్ డి వాల్ డేవిస్ 1983లో ఇచ్చారు. చదరపు పెట్టెలో గాలి ఉంది, ఎడమ గోడ వేడి, కుడి గోడ చల్లన, పైనా కిందా వేడి పోదు. ఇలాంటి పెట్టెలో ఉత్ప్లవనం ఎంత బలమైనదో చెప్పేది రేలీ సంఖ్య. ద్రవం కదలకుండా ఉంటే పోయే వేడికి, కదులుతూ మోసే వేడి ఎన్ని రెట్లో చెప్పేది నస్సెల్ట్ సంఖ్య. రేలీ సంఖ్య పది వేలైతే సగటు నస్సెల్ట్ సంఖ్య 2.243, లక్ష అయితే 4.519, పది లక్షలైతే 8.800 రావాలి. మీ ప్రోగ్రామ్ ఈ అంకెల దరిదాపుల్లోకి రాకపోతే ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోవద్దు.

నానోద్రవానికి ఈ సమీకరణాలేమీ మారవు. మామూలుగా చేసేది ఏమిటంటే నానోద్రవాన్ని ఒకే ఏకరీతి ద్రవంగా భావించి, సాంద్రత, విశిష్టోష్ణం, వ్యాకోచ గుణకం, ఉష్ణవాహకత, స్నిగ్ధత అనే అయిదు అంకెలను మార్చడం. అంటే అనుకరణ ఎంత గొప్పదైనా జవాబు ఈ అయిదు అంకెల మీద ఆధారపడి ఉంది. వాటిలో స్నిగ్ధత అసలు పేచీకోరు.

స్నిగ్ధత తెచ్చే నష్టం

కణాలు కలిపితే ద్రవం చిక్కబడుతుంది. తక్కువ గాఢతలో ఎంత చిక్కబడుతుందో ఐన్‌స్టీన్ 1906లోనే లెక్కించాడు. దాన్ని విస్తరించి బ్రింక్‌మన్ 1952లో ఇచ్చిన సూత్రం ప్రకారం 1 శాతం కణాలకు స్నిగ్ధత 2.5 శాతం పెరుగుతుంది. పంపు ఉంటే ఆ అదనపు ఘర్షణను పంపు భరిస్తుంది. సహజ సంవహనంలో భరించేవారు లేరు, నూనె నెమ్మదిస్తుంది.

నిలువు గోడ మీద స్తరీయ సహజ సంవహనానికి మీరు ఇంతకుముందు నేర్చుకున్న సంబంధం ప్రకారం నస్సెల్ట్ సంఖ్య రేలీ సంఖ్య పావు ఘాతానికి అనులోమానుపాతం. దాన్ని సాగదీసి రాస్తే నూనె పొర ఉష్ణబదిలీ గుణకం ఉష్ణవాహకత యొక్క మూడు పావుల ఘాతానికి అనులోమంగాను, స్నిగ్ధత యొక్క పావు ఘాతానికి విలోమంగాను మారుతుంది. మిగిలిన మూడు గుణాల మార్పులు 1 శాతం అల్యూమినియం ఆక్సైడ్ విషయంలో దాదాపు ఒకదానినొకటి కొట్టేస్తాయి. మీరే వేసి చూడండి: వాహకత నిష్పత్తి 1.03, స్నిగ్ధత నిష్పత్తి 1.025 పెడితే గుణకం 1.6 శాతం పెరుగుతుంది. మూడు శాతం వాహకతలో మనకు మిగిలింది సగం.

ఇప్పుడు స్నిగ్ధత బ్రింక్‌మన్ చెప్పినట్లు 2.5 శాతం కాక 10 శాతం పెరిగిందనుకోండి. కణాలు గుంపులు కడితే ఇలా జరగడం అరుదేమీ కాదు. అప్పుడు గుణకం పెరగదు సరికదా, 0.2 శాతం తగ్గుతుంది. దీన్నుంచి గుర్తుంచుకోదగ్గ ఒక హద్దు వస్తుంది: స్నిగ్ధత నిష్పత్తి, వాహకత నిష్పత్తి యొక్క ఘనం కంటే తక్కువ ఉన్నంతవరకే లాభం. 1.03 ఘనం 1.093. స్నిగ్ధత 9.3 శాతం దాటిందా, మంచి నూనెలో డబ్బు పోసి కణాలు కలిపి దాన్ని చెడగొట్టుకున్నట్లే.

చరిత్రలో కూడా సరిగ్గా ఇదే జరిగింది. 2003లో ఖలీల్ ఖనాఫర్, కంబిజ్ వఫాయ్, మార్లిన్ లైట్‌స్టోన్ చేసిన అనుకరణ, మూసిన పెట్టెలో నానోద్రవం సహజ సంవహనం ద్వారా ఎక్కువ వేడిని మోస్తుందని చూపింది. అదే ఏడాది నందీ పుత్రా, విల్‌ఫ్రీడ్ రోట్జెల్, మద్రాసు ఐ.ఐ.టి.కి చెందిన సరిత్ కుమార్ దాస్ కలిసి అల్యూమినియం ఆక్సైడ్, కాపర్ ఆక్సైడ్ కణాలున్న నీటితో ప్రయోగం చేస్తే, కణాలు పెరిగే కొద్దీ ఉష్ణబదిలీ తగ్గింది. తర్వాత 2008లో హో బృందం ఒకే అనుకరణలో స్నిగ్ధతకు వేర్వేరు సూత్రాలు పెట్టి చూసి, ఏ సూత్రం ఎంచుకున్నామనే దాన్ని బట్టి ఫలితం లాభం నుంచి నష్టానికి మారవచ్చని చూపింది. ప్రోగ్రామ్ ఒకటే, గడులు ఒకటే, ఒక్క అంకె వేరు.

ఇంతకూ అడ్డంకి ఎక్కడ?

నూనె పొరలో 1.6 శాతం మెరుగైతే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎన్ని డిగ్రీలు తగ్గుతాయి? దీనికి వేడి దారినంతా చూడాలి. విద్యుత్ వలయంలో వరుసగా కలిపిన నిరోధాల్లాగే ఇక్కడ ఉష్ణ నిరోధాలు వరుసగా ఉన్నాయి. రేడియేటర్, ట్యాంకు కలిసి 4.5 చదరపు మీటర్లనుకుంటే ఒక్కో చదరపు మీటరు 400 వాట్లను వదలాలి. గాలి వైపు ఉష్ణబదిలీ గుణకం, వికిరణాన్ని కలుపుకుని, 10 అనుకుంటే గోడకూ గాలికీ మధ్య 40 డిగ్రీల తేడా కావాలి. నూనె వైపు గుణకం సుమారు 60, కనుక నూనెకూ గోడకూ మధ్య 7 డిగ్రీలు చాలు. తీగచుట్ట దగ్గరి నూనె పొరకు 13, కాగితానికి 4 అనుకుందాం. మొత్తం 64. బయట 40 డిగ్రీల ఎండ ఉంటే అత్యంత వేడి చోటు 104 డిగ్రీలు, వార్ధక్య వేగం 2.

మొత్తం 64 డిగ్రీలలో నానోద్రవం తాకగలిగినది రెండు నూనె పొరల 20 డిగ్రీలనే. గుణకం 1.6 శాతం పెరిగితే ఆ 20లో తగ్గేది పావు డిగ్రీ. కాగితం వార్ధక్యం 3 శాతం నెమ్మదిస్తుంది. పోనీ, ఎంతో ఉదారంగా నూనె వైపు 10 శాతం మెరుగు ఒప్పుకుందాం. తగ్గేది ఒకటిన్నర డిగ్రీ. అదే గాలి వైపు కేవలం 5 శాతం మెరుగుపరిస్తే 40 డిగ్రీలలో 1.9 తగ్గుతుంది, వార్ధక్యం 20 శాతం నెమ్మదిస్తుంది. రేడియేటర్ రేకుల మధ్య పేరుకున్న దుమ్ము, కాకి గూళ్లు, పాకిన తీగలు ఎంత నష్టం చేస్తాయో దీన్ని బట్టి ఊహించండి. పల్లెల్లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు నానోద్రవం పోయడం కంటే ఒక రేకు ఎక్కువ పెట్టడం మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను.

అయితే ఇది అన్ని చోట్లకూ వర్తించదు. సబ్‌స్టేషన్లలోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు ఫ్యాన్లు ఉంటాయి, కొన్నింటికి నూనె పంపులూ ఉంటాయి. గాలి వైపు నిరోధం తగ్గిపోతుంది కనుక నూనె వాటా పెరుగుతుంది. పంపు ఉంటే చిక్కదనం భారాన్ని అది మోస్తుంది. పైగా అక్కడ అత్యంత వేడి చోటు తీగచుట్టల సందుల్లో, నూనె మందంగా కదిలే మూలల్లో దాగి ఉంటుంది. సగటు లెక్కలు దాన్ని పట్టుకోలేవు, గడుల లెక్కలే పట్టుకోగలవు. అనుకరణ తన ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చేది ఇక్కడే, నానోద్రవం ఉన్నా లేకపోయినా.

అనుకరణ బొమ్మలో కనిపించనివి

ఏకరీతి ద్రవం అనే ఊహ కణాలు ఎప్పటికీ చెదిరే ఉంటాయని అనుకుంటుంది. స్టోక్స్ నియమంతో పరీక్షిద్దాం. 50 నానోమీటర్ల వ్యాసం గల అల్యూమినియం ఆక్సైడ్ కణం వేడి నూనెలో రోజుకు 0.12 మిల్లీమీటర్లు దిగుతుంది. నూనె కదలికే దాన్ని చెరిపేస్తుంది, భయం లేదు. కాని పడే వేగం వ్యాసార్ధపు వర్గంతో పెరుగుతుంది. కణాలు అతుక్కుని ఒక మైక్రోమీటరు ఉండలైతే, అంటే 20 రెట్లు పెద్దవైతే, వేగం 400 రెట్లు: రోజుకు దాదాపు 5 సెంటీమీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ దశాబ్దాల తరబడి నడవాలి. ప్రయోగశాలలో నెల రోజులు తేరుకోకుండా నిలిచిన నానోద్రవం దానికి హామీ కాదు. 2006లో బోంజోర్నో ప్రతిపాదించిన నమూనా, కణాలు బ్రౌనియన్ చలనం వల్ల, వేడి చోటు నుంచి చల్లని చోటుకు జరగడం వల్ల ఎలా పంపిణీ మారుతాయో కూడా లెక్కిస్తుంది. కాని ఉండ కట్టడాన్ని అది కూడా లెక్కలోకి తీసుకోదు.

రెండవది విద్యుద్రోధకం. నూనెలో దుమ్ము పడితే రోధకశక్తి తగ్గుతుందని మనకు తెలుసు. మరి కావాలని కణాలు కలిపితే? ఇక్కడ ప్రకృతి ఒక ఆశ్చర్యం దాచింది. 1998లో వ్లాదిమిర్ సెగల్ బృందం మాగ్నటైట్ నానోకణాలున్న ట్రాన్స్‌ఫార్మర్ నూనెను పరీక్షిస్తే, పిడుగుపాటును పోలిన ధన ప్రేరణ వోల్టేజికి అది మామూలు నూనె కంటే బాగా తట్టుకుంది. 2010లో జార్జ్ హ్వాంగ్, మార్కస్ జాన్ తదితరులు దీనికి వివరణ ఇచ్చారు: వేగంగా దూసుకుపోయే ఎలక్ట్రాన్లను కణాలు పట్టేసుకుని మందకొడి రుణ కణాలుగా మారతాయి, దాంతో విద్యుత్ ఛేదన ముందుకు సాగే వేగం తగ్గుతుంది. నా అంచనాలో ట్రాన్స్‌ఫార్మర్లలో నానోద్రవాలకు భవిష్యత్తు ఉంటే అది శీతలీకరణ కంటే ఎక్కువగా ఈ దారిలో ఉంది. అయినా కణాల గాఢత కొంత మించితే, ఉండలు కడితే, తేమ చేరితే ఈ లాభం పోతుంది. 2.5 మిల్లీమీటర్ల ఎడంలో చేసే పరీక్ష అందుకే తప్పదు. ఉష్ణోగ్రత పటం ఒక్కటే గీసి ‘ఈ నానోద్రవం ట్రాన్స్‌ఫార్మర్‌కు తగినది’ అని తేల్చే పత్రం సగం పనే చేసింది.

అభ్యాసం

1. ఘనపరిమాణంలో 2 శాతం కణాలున్న నానోద్రవానికి మాక్స్‌వెల్ సూత్రంతో వాహకత నిష్పత్తి, బ్రింక్‌మన్ సూత్రంతో స్నిగ్ధత నిష్పత్తి కనుక్కోండి. బ్రింక్‌మన్ సూత్రానికి (1 – ఘనపరిమాణ భాగం) విలువను రెండున్నర ఘాతానికి హెచ్చించి, దానితో 1ని భాగించండి. ప్రయోగశాలలో కొలిచిన స్నిగ్ధత నిష్పత్తి మాత్రం 1.25 అని తేలింది. సహజ సంవహనంలో లాభమా, నష్టమా?

2. మన ఉదాహరణలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యాన్లు అమర్చడం వల్ల గాలి వైపు గుణకం 10 నుంచి 20కి పెరిగింది. మిగిలిన తేడాలు మారలేదనుకుని అత్యంత వేడి చోటు ఉష్ణోగ్రతను, వార్ధక్య వేగాన్ని లెక్కించండి. ‘మిగిలినవి మారలేదు’ అన్న ఊహ ఎందుకు పూర్తిగా నిజం కాదు?

జవాబులకు సూచన: మొదటి దానిలో వాహకత నిష్పత్తి 1.061, బ్రింక్‌మన్ స్నిగ్ధత నిష్పత్తి 1.052. 1.061 ఘనం 1.195, కొలిచిన 1.25 దాన్ని మించింది కనుక నష్టం, సుమారు 1 శాతం. రెండవ దానిలో గాలి వైపు తేడా 20 డిగ్రీలకు దిగుతుంది, అత్యంత వేడి చోటు 84 డిగ్రీలు, వార్ధక్య వేగం దాదాపు 0.2. కాని నూనె చల్లబడితే చిక్కబడుతుంది, నూనె పొరల తేడా 20 కంటే కొంత పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో తెలియాలంటే నూనె స్నిగ్ధత ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో పట్టిక చూసి, కొత్త ఉష్ణోగ్రతతో లెక్కను మళ్లీ మొదటి నుంచి చేయండి. రెండు మూడు సార్లు చేస్తే అంకె కదలడం మానేస్తుంది.